పాత యిల్లు, పాత పేర్లు

పాత యింటిని బాగుచేయించు పనికి ఒకసారి పూనుకొన్న గృహిణి తీరిక యను మాటనే మరచిపోవలసి యుండును. ఒక వాసము మార్చబోయినచో దాని ప్రక్కవాసము పుచ్చి కనబడును. గోడమీది పాత సున్నము గీకబోయినచో లోపలి మట్టి గంపెడు రాలిపడును. వడ్రంగి వచ్చిననాడు తాపీవాడు రాడు. తాపీవాడు వచ్చిననాడు ఇసుక రాదు. ఇట్టి యింటివారిని మనము పోయి, "మీ తాతగారి తల్లి యే యూరి ఆడుబిడ్డ? ఆమె పేరేమి?" అని యడిగితిమా, వారు మొగము చిట్లింపరు గాని, "ముందీ పైకప్పు కానిండు, అవన్నియు తరువాత చూచుకొందుము" అందురు. సోదరీమణులారా! ఈ నెల మేము ఆ "తరువాత" అను మాటను గూర్చియే మీతో కొంత ముచ్చటింపదలచితిమి.

మాకీ తలంపు కలిగించినది మందమర్రిలో మేము చూచిన యొక యిల్లు. మందమర్రి యనగానే మన చదువరులలో చాలమందికి బొగ్గుగనులే స్ఫురించును. అది సహజమే. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము మొదలై, 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నేర్పడిన పిదప, గోదావరికి ఉత్తరముననున్న బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతములకును గనులు వ్యాపించినవి. కాజీపేటనుండి బల్లార్షా పోవు రైలులో మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమ నీ స్టేషను వచ్చును. నాలుగు జిల్లాలనుండి వచ్చిన జనము, వరుసలు తీరిన కార్మికుల క్వార్టర్లు, వేళ తెలుపు గని కూతలు: ఇది పైకి కనబడు మందమర్రి. కాని పేరులోనే మందయు, మర్రియు నున్న ఆ యూరు బొగ్గు పుట్టించిన యూరు కాదు. దాపుననే బొక్కలగుట్టకడ అడవిలో గాంధారి ఖిల్లా యను పాతకోట కలదు; మాఘమాసమున నాయకపోడులు అచ్చట గాంధారి మైసమ్మకు జాతర సేయుదురు. బొగ్గుకు ముందు పొలము నమ్ముకొని బ్రదికిన కుటుంబముల మట్టియిండ్లు కొన్ని పాతయూరిలో నేటికిని నిలిచియున్నవి. మేము చూచిన యిల్లట్టిది.

నడుమ ఆకాశము కనబడు చదరపు వాకిలి, దాని చుట్టును వసారా, వసారాను మోయు టేకుస్తంభములు, వెనుక అర్రలు: దీనినీ ప్రాంతమువారు భవంతి యిల్లందురు. రెండడుగులకు మించిన మందముగల మట్టిగోడలు. తలవంచిన గాని లోనికి పోనీయని దర్వాజ. తాతలనాడు కట్టిన యీ యింటిలోని మగవారు ఒక్కొక్కరే గనిపనికి కుదిరి క్వార్టర్లకు పోగా, ఇల్లు చాలయేండ్లు తాళముతోనే యుండెను. ఇప్పుడా యింటి మనుమడును అతని భార్యయు దానిని నిలబెట్టవలెనని పూనుకొనిరి. వారు మంచిర్యాలలో కాపురముండి, సెలవుదినములలో వచ్చి పని చేయించుచున్నారు. మేము పోవునప్పటికి రెండేండ్లు గడచినవి.

పని యెట్లు జరుగుచున్నదో కొంత చెప్పకుండుట మాకు సాధ్యము కాదు; ఏలయన అది చక్కని పని. మునుపెవరో వీధివైపు గోడకు సిమెంటు పూయించియుండిరి. సిమెంటు చెడ్డదని మేమనము, దాని చోటు వేరు. మట్టిగోడ నేలలోని తేమను పీల్చి మరల గాలికి విడిచిపెట్టుచుండును. దానిపై సిమెంటుపొర కప్పినచో ఆ తేమ బయటికి పోజాలక లోపలనే నిలిచి మట్టిని మెత్తజేయును. పైన ఉప్పు పూయును. తుదకు పొర పెచ్చులుపెచ్చులుగా ఊడి, తనతోకూడ గోడను గొంపోవును. అచ్చట జరిగినదదియే. ఆ పొరనంతయు మెల్లగా ఒలిపించి, మట్టితో పూడ్పించి, డంగుసున్నము పూయించిరి. కాల్చిన సున్నపురాళ్లను నీట విరియించి, కొన్నాళ్లు మగ్గబెట్టి, ఇసుకతో కలిపి డంగులో ఆడించుట పూర్వపు పద్ధతి. డంగనగా గుండ్రని కాలువలో ఎద్దులు త్రిప్పు రాతిచక్రము. ఇప్పుడెద్దులు లేవు గనుక యంత్రముతోనే త్రిప్పించిరి గాని, కరక్కాయలు నానిన నీరును బెల్లపునీరును కలుపుట మాత్రము మానలేదు. ఆదిలాబాదు అడవుల కరక్కాయకు లోటులేదు. దాని వగరు సున్నమును గట్టిపరచునని పాతమేస్త్రీల నమ్మకము. ఆ గోడను అరచేత తడిమి చూచితిమి; చంటిబిడ్డ చెంపవలె చల్లగా నున్నది.

టేకు సంగతి వేరు. ఈ జిల్లాల టేకు పేరెన్నిక గన్నది. చేవగల దూలమునకు చెదలు త్వరగా నంటవు. చెడినవన్నియు చేవలేని చిన్నవాసములే. కప్పుమీది గూనపెంకులకు మాత్రము ఏటేట సేవ కావలయును. వానలకు ముందు విప్పి, పగిలినవి తీసి, మరల సర్దింపవలయును. ఇప్పుడు గూనపెంకు చేయు కుమ్మరులరుదు. సర్దు చేతులంతకన్న నరుదు. వీనికితోడు తెలంగాణమున పల్లెపల్లెకును దిగిన కోతిమూకలు. ఒక్క మధ్యాహ్నమున అవి చేయు వినాశము పది వానలు చేయవు. అందుకే పెక్కుమంది పెంకులు దింపి రేకులు వేసికొనుచున్నారు. వేసవిలో ఆ రేకుల క్రింద నుడుకుచున్నారు. ఈ దంపతులు రేకులకు లొంగలేదు. పడిపోయిన పాతయిండ్లనుండి పెంకులు కొనితెచ్చి వాకిట పేర్చియుంచిరి.

ఇక అసలు సంగతి. ఆ కోడలికి తమ యింటి పుట్టుపూర్వోత్తరములు వ్రాసిపెట్టవలెనని మొదటినుండియు కోరిక. అందులకొక నోటుపుస్తకము కూడ కొన్నది. రెండేండ్లలో మొదటి పుటలో ఐదు పేర్లు పడినవి. ఐదును మగవారివే. "గోడలపని అయిన పిమ్మట కూర్చుందునండీ" యని యామె మాతో ననెను. గోడలైన పిమ్మట కప్పు. కప్పైన పిమ్మట గచ్చు. ఆమెను మేము తప్పుపట్టము. సున్నము పూసిన గోడ సాయంకాలమునకు కంటికి కనబడును, వచ్చినవారు మెచ్చుకొందురు. పేర్లు వెదకుపని యట్టిదికాదు. దినమంతయు తిరిగిన పిదప చేతికి చిక్కునది, "మాకు తెలియదు" అను నొక మాట కావచ్చును. అంతకన్న కష్టమైనది, తెలిసినను చెప్పదగదని పెద్దలు దాచిన మాట కావచ్చును.

పెద్ద యిండ్ల విషయమున ఈ చిక్కు మరింత తేటగా కనబడును. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను ఆ సంస్థానపు వారసులే బాగుచేయించిరి. 2022లో దానికి యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. కోటగోడలు, అద్దాలమేడ, మహాదేవుని ఆలయము నిలిచినవి. అభినందింపదగిన పని. సంస్థానముల వంశచరిత్రలను వ్రాయుటకు ఆస్థానకవులుండిరి గనుక వారికి పేర్లకు కొదువలేదు. కాని కరీంనగరము, ఆదిలాబాదు సీమల పల్లెలలోని దొరల గడులమాట వేరు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో రైతుకూలీల యుద్యమము చెలరేగిన పిదప పెక్కుమంది దొరలు గడులు విడిచి పట్టణములకు పోయిరి, గడులు పాడుపడినవి. ఇప్పుడెవరైన నొక గడిని బాగుచేయింప పూనుకొన్నచో, ఆ గోడలకు మట్టి మోసినది వెట్టిచాకిరియని యెరుగక తప్పదు. దొరసానులతో పుట్టినింటినుండి అరణముగా పంపబడి, జీవితమంతయు నా గడిలోనే గడపిన ఆడబాపలు నివసించిన అర్ర యేదో తెలిసికొనక తప్పదు. వంశవృక్షమున వారి పేర్లుండవు. గడపను మెరుగుపెట్టుట సులభము. ఆ గడపలోపల నెవరెవరు బ్రదికిరో వ్రాయబూనుట అంత సులభముకాదు. "తరువాత" యను మాట చాలచోట్ల సోమరితనమునుండి పుట్టదనియు, జంకునుండి పుట్టుననియు మా యభిప్రాయము.

సామాన్యపు రైతుకుటుంబమునకు ఆస్థానకవి లేడు గాని, ఆ కొరత తీర్చుటకు మన పూర్వులు వేరొక యేర్పాటు చేసికొనిరి. కాపుల గోత్రములను, ఇంటిపేర్లను పాడి వినిపించుటకు వంశరాజులు వచ్చెడివారు. వారిని పూర్వమొక హీనమైన పేరుతో పిలుచుచుండిరి, అది యిక్కడ వ్రాయము. పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు. చేర్యాల చిత్రకారులు వ్రాసిన పొడుగాటి పటములను విప్పుచు కొందరు కులకథలు చెప్పెడివారు. ఆదిలాబాదు కొండలలోని రాజగోండుల గోత్రకథలను ప్రధానులు కింగ్రీ మీటుచు పాడుదురు. 1948లో అచ్చయిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుని గోండుల గ్రంథము ఆ ప్రధానుల పాటకు మిక్కిలి ఋణపడియున్నది. కళ్లమునకు వచ్చి ధాన్యము పుచ్చుకొని పేర్లు చదివిపోవు ఆ గాయకులు ఇప్పుడరుదైరి. కళ్లములే లేనిచోట వారెక్కడికి వత్తురు?

కాగితములు కలవుగదా యని మీరనవచ్చును. కలవు. నైజాము రాజ్యమున 1884 వరకు కచేరీభాష పారశీకము, ఆ పిదప ఉర్దూ. సంవత్సరములు ఫసలీ లెక్కలో నుండును. దానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1345 అనగా 1935వ సంవత్సరపు అక్టోబరు మొదలు 1936 అక్టోబరు వరకు. భూమికి సంబంధించిన తొలి సర్వేలెక్క సేత్వారు. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారుని పేరు, సాగుచేయువాని పేరు కనబడును. హైదరాబాదులో తార్నాకయందలి రాష్ట్ర పురాభిలేఖాలయమున పాత దఫ్తరములున్నవి. అయితే వెదకువారొక సంగతి గుర్తుంచుకొనవలయును. ఆదిలాబాదు పూర్తిజిల్లా యైనది 1905లో. చెన్నూరు, లక్షెట్టిపేట తాలూకాలు అంతకుముందు ఎలగందుల జిల్లాలోనివి. ఆ ఎలగందులయే పిమ్మట కరీంనగరమైనది. మందమర్రి 2016 మొదలు మంచిర్యాల జిల్లాలోనిది. కావున తాతనాటి కాగితమునకు ఒక జిల్లా పేరు, ముత్తాతనాటి దానికి వేరొక జిల్లా పేరు నుండుట వింతకాదు.

బొగ్గుగనుల యూళ్లలో ఇంకొక చిక్కు కలదు. గనిపనికి పేరు వ్రాయించుకొన్నవాడొకడు, పనిచేసినవాడింకొకడు: ఇట్టి మారుపేర్లు సింగరేణి ప్రాంతమంతట ప్రసిద్ధము. ఒకని పేరుతో ముప్పదియేండ్లు భూమిలోపల బొగ్గుకొట్టి, ఆ పేరుతోనే జీతము పుచ్చుకొని, ఆ పేరుతోనే పింఛను పొందినవారు కలరు. ఇంటిలో నొక పేరు, గనిలో నొక పేరు. అట్టివారి కొడుకులు వారసత్వపు ఉద్యోగముకొరకు తండ్రిని తండ్రియని రుజువు చేసికొనలేక చాలకాలము తిరిగిరి. మేము చూచిన యింటిలోను ఒక చిన్నతాత యట్లే మారుపేరుతో పనిచేసెనట. కంపెనీ కాగితమును నమ్మి వంశవృక్షము గీసినచో ఆ యింటిలో లేని మనుష్యుడొకడు పుట్టుకొనివచ్చును.

మగవారి పేర్లకే యింత పాటు. ఆడువారిమాట చెప్పనేల? పట్టాలో మన పేరుండదు. ఉన్నను "ఫలానావాని భార్య" యని యుండును. 1951–52 నాటి మొదటి సార్వత్రిక యెన్నికలకు ఓటర్ల పట్టీలు సిద్ధపరచునప్పుడు, తమ పేరు చెప్పక "ఫలానావాని భార్యను, ఫలానావాని కూతురును" అని మాత్రమే వ్రాయించుకొన్న స్త్రీలు సుమారు 28 లక్షలమంది యుండిరి. ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్‌గారు వారి నమోదును కొట్టివేయించిరి. వారిలో నెక్కువమంది ఉత్తరదేశమువారే గాని, పేరు పైకి చెప్పరాదను మర్యాద మనకును క్రొత్తది కాదుగదా. పెండ్లితో ఇంటిపేరు మారును. కొన్ని యిండ్లలో నసలు పేరే మార్చుదురు. బిడ్డ పుట్టినపిదప ఆ పేరుతో పిలుచువారుండరు. రెండు తరములు గడచునప్పటికి ఆమె "ముసలవ్వ" మాత్రమే.

ఈ యింటి కోడలికి మొదటి పుటలో ఐదుగురు మగవారే చిక్కుటకు కారణమదియే. ఆడువారి పేర్లు కచేరీలో లేవు. కాని అవి యింటిలోనే, అటకమీద నుండెను. ఆ సంగతి యెట్లు తెలిసినదో చెప్పెదము.

టేకు దూలమొకటి కొనవలసివచ్చినది. డబ్బు చాలలేదు. అటకమీద తరతరముల ఇత్తడి, రాగి, కంచు పాత్రలు మసిబారి పడియుండెను: గుండిగలు, గంగాళములు, కొప్పెరలు, బిందెలు. ఇప్పుడవి యెవరు వాడుదురు? తూకమునకమ్మినచో దూలము వచ్చునని తలంచి, అన్నియు దింపించి, వాకిట పరపించి, మంచిర్యాలలోని వర్తకునితో బేరము మాటాడియుంచిరి. మేము పోయినది ఆ పాత్రలు వాకిటనున్న దినమునే. ఆ దినమున ఆమె మామగారి అక్కయు రామకృష్ణాపూరునుండి వచ్చియుండెను. ఎనుబది దాటిన వృద్ధురాలు, కూతురికడ నుండును, ఇంటిపని చూచుటకని ఆటోలో వచ్చినది. కోడలామెను పెద్దత్తమ్మా యని పిలుచును.

ఆ పాత్రలనడుమ చిన్నగొంతు ఇత్తడిబిందె యొకటి యుండెను. వృద్ధురాలు దానిని చూచి, కఱ్ఱ ప్రక్కనబెట్టి, నేలమీద చదికిలబడి, దానిని దగ్గరకు లాగుకొనెను.

"గిదెవరు దించిన్రు బిడ్డా? గిది మా అవ్వది గాదు. మా పెద్దవ్వది. మా అవ్వ దీన్ని ఎన్నడు బాయికాడికి తీస్కపోలె. పెత్రమాసనాడే దించుతుండె. చింతపండుతోని తోమి, నీళ్లు నింపి, దేవునర్రల పెట్టి దండం బెడుతుండె."

పెత్రమాస యనగా భాద్రపద బహుళ అమావాస్య. తెలంగాణమున బతుకమ్మ మొదలగునదియు నానాడే. ఆ యుదయమున పెద్దల పేరిట బియ్యము, పప్పు, కూరగాయలు అయ్యవారికిచ్చి, పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుదురు. వ్రాతలేని యిండ్లలో ఏడాదికొకసారి జరుగు వంశపఠనమదియే. ఈ పెద్దవ్వ, అనగా తాతగారి మొదటిభార్య, ఆ యింటికి వచ్చిన మూడవయేట ప్రసవములో పోయినదట. తరువాత వచ్చిన రెండవభార్య, తానెన్నడును చూడని యా సవతికి బ్రదికియున్నన్నాళ్లు పెత్రమాసనాడు నీళ్లుపెట్టినది. ఆమె పోయిన పిమ్మట బిందె అటకకెక్కినది. ఆ పేరు బియ్యమిచ్చు పట్టికలో మరల పలుకబడలేదు.

"ఆమె పేరేంది పెద్దత్తమ్మా?" అని కోడలడిగెను.

"మా అవ్వ అక్క అనే అంటుండె. పేరు బిందెమీదనే ఉంటది గద బిడ్డా. నాకు సదువు రాకపాయె."

సోదరీమణులారా! పూర్వము కూతురికి సారె పెట్టునప్పుడు పాత్రలపై పేరు కొట్టించు వాడుక మీరెరుగుదురు. సన్నని ఉలితో చుక్కలుచుక్కలుగా అక్షరములు. కోడలు లోనికి పోయి బియ్యపుపిండి తెచ్చి బిందెమెడపై రాచెను. మేము చేతిఫోను దీపము వెలిగించి ఏటవాలుగా పట్టితిమి. చుక్కలలో పిండి నిలిచి, అక్షరములు తెల్లగా తేలినవి. ఇంటిపేరు, పిల్ల పేరు, ఊరిపేరు, "యువ సం. మాఘము". కోడలు దానిని పైకి చదివెను. ఆ పేరిక్కడ వ్రాయము, అది వారింటిది. తన తల్లి దండము పెట్టిన మనిషి పేరును ఆ వృద్ధురాలు తన యెనుబదియేండ్ల వయసులో మొదటిసారి వినెను. మరొకసారి చదువుమనెను. కోడలు మరల చదివెను.

యువ నామ సంవత్సరము అరువదియేండ్ల కొకసారి వచ్చును. 1875లోను వచ్చినది, 1935లోను వచ్చినది, 1995లోను వచ్చినది. తాతగారి వయసునుబట్టి చూడగా ఇది 1935లో మొదలైనదే. మాఘమనగా 1936 తొలినెలలు. ఇట్టి తేదీలను చూచి తొందరపడి నిర్ణయింపక, ఇంటిలోని పెద్దల వయసులతో సరిపోల్చి చూచుకొనవలయును. పాత్రలను ఆమ్లములతో తోమించుటయు, మెరుగుయంత్రమునకిచ్చుటయు కూడదు, చుక్కలరిగిపోవును. ముందు ఫొటో, తరువాత తోముడు.

ఆనాడు మిగిలిన పాత్రలన్నిటికి పిండి రాచిరి. పదునేడింటిలో ఆరింటిపై అక్షరములున్నవి. వానిలో మూడు వేర్వేరు ఇంటిపేర్లు, నాలుగు ఊళ్లు. రెండేండ్లు నోటుపుస్తకమున కెక్కనివి యొక్క మధ్యాహ్నమున నెక్కినవి. ఇంకొక సంగతి మేము గమనించితిమి. అంతకుముందు కోడలు రెండుమూడుసార్లు పెద్దత్తమ్మను "మన యింటి చరిత్ర చెప్పండి" యని యడుగగా, "నాకేమెరుక బిడ్డా" యని యామె తప్పించుకొనెనట. "ఈ బిందె యెవరిది?" అనినంతనే మాట వచ్చినది. చరిత్రయను పెద్దమాటకు మన ముసలివారు జంకుదురు. తిరుగలిని, ఊయల కొక్కెమును, గోడలోని దీపపుగూటిని చూపి యడుగుడు, వారే చెప్పుకొనిపోవుదురు. ఆ దీపపుగూడు పూడ్చివేయకముందే యడుగవలయును. ఆ యింటిలో నొక అర్రగోడపై బొగ్గుతో గీసిన ధాన్యపుబస్తాల లెక్కగీతలుండెను. మేము పోవుటకు పదిదినములముందు వానిపై క్రొత్త సున్నము పడినది. గీతలెవరు గీసిరో, ఏయేటి పంటవో తెలుపుటకిక నేమియు లేదు.

పెద్దత్తమ్మ మాట అంతటితో ఆగలేదు. సాయంకాలము టీ త్రాగుచు, ఎవరు నడుగకయే, ఆమె యింకొకటి చెప్పినది.

"ఆమె పోయిననాడు పిల్ల బతికింది. ఆడిపిల్ల. అమ్మమ్మోళ్లు వచ్చి ఎత్తుకపోయిన్రు. కొన్నేండ్లు మా నాయిన పోయి చూసి వస్తుండెనట. మా అవ్వ వచ్చినంక రాకపోకలు బందయినయి. నాకొక అక్క ఉండాలె బిడ్డా."

ఆ మాటకు వాకిటనున్నవారెవరును బదులు చెప్పలేదు. వడ్రంగి కూడ బాడిసె ఆపెను. ఆ పిల్లయిప్పుడున్నదో లేదో. ఉన్నచో తొంబది సమీపించియుండును. ఆమెకు బిడ్డలుండవచ్చును, వారికి ఈ యిల్లు అమ్మమ్మ పుట్టినిల్లు. ఈ సంగతి మామగారికి తెలియదు. ఇంటిలో నెవరికిని తెలియదు. తెలిసిన యొక్క మనిషి ఆ దినమున ఆటో దొరకినదిగనుక వచ్చినది.

కోడలు మారుమాటాడక వర్తకునికి ఫోను చేసి ఇత్తడి యమ్మమని చెప్పెను. భర్త కొంత గొణిగెను. దూలము సంగతి యేమనెను. అతని గొణుగుడును అన్యాయము కాదు, వానలు ముంచుకొని వచ్చుచున్నవి. తుదకు పేర్లులేని పదునొకండు పాత్రలలో నాలుగింటిని మాత్రమే యమ్మి, ముందువైపు కప్పు సర్దించి, వెనుక అర్రలను ఈ వానకాలమునకు టార్పాలిను క్రింద నుంచుటకు నిశ్చయించుకొనిరి. మా కంటికి అది మంచి బేరమే. దూలమునకు బదులొక యేడు ముట్టుకఱ్ఱ నిలబెట్టవచ్చును. పెద్దత్తమ్మకు ముట్టుకఱ్ఱ పెట్టుట యెట్లు?

మేము వచ్చిన పిదప ఆమెయొద్దనుండి ఒక జాబు వచ్చినది. నోటుపుస్తకమున ఇప్పుడు ఇరువదిమూడు పేర్లున్నవట; పదునొకండు ఆడువారివి. ప్రతి ఆదివారము రామకృష్ణాపూరు పోయి, ఒక పాతవస్తువును వెంట గొనిపోయి, పెద్దత్తమ్మ ముందు పెట్టి, ఫోనులో మాట పట్టుకొని వచ్చుచున్నదట. చెవి దుద్దుల డబ్బాకు రెండు గంటలు, విరిగిన కవ్వమునకు మూడు గంటలు మాట వచ్చినదట. మారుపేరుతో పనిచేసిన చిన్నతాత యసలు పేరు కూడ కవ్వముతోనే బయటపడెను. అదెట్లో మాకు తెలియలేదు, ఆమె వ్రాయలేదు.

బిందెపైనున్న యూరు గోదావరి కావలియొడ్డున, పెద్దపల్లివైపున నున్నదని తెలిసినది. ఆ యింటిపేరువారు అచ్చట నేటికిని రెండిండ్లున్నారట. పెత్రమాస లోపల నొక దినము చూచుకొని పోవలెనని కారు మాటాడుకొనిరి. అంతదూరము కూర్చుండలేవు, నీవు రావలదని కూతురు చెప్పగా, పెద్దత్తమ్మ వినలేదట. ముందుసీటు తనకే కావలెనన్నదట. బిందెను ఒడిలో పెట్టుకొని కూర్చుందునన్నదట.